పింఛను రిహార్సల్

లేతు మేస్త్రీ సంసారాన్ని ముంచింది వరదా కాదు, జబ్బూ కాదు. వాళ్ళావిడ తమ్ముడు. బీమా పాలసీలు అమ్ముకునే ఈ బావమరిదిని వీధిలో అందరూ ప్లానయ్య అంటారు. తాను ఏ ఉద్యోగంలోనూ రెండేళ్ళు నిలవలేదు గాని, ఎదుటివాడి ముప్పై ఏళ్ళ భవిష్యత్తు మాత్రం కాగితం మీద గీతలు గీసి చూపిస్తాడు. చదువుకున్నవాడు గీత గీస్తే చదువుకోనివాడు దాన్ని దారి అనుకుంటాడు. తప్పెవరిదో మీరే చెప్పండి.

మేస్త్రీ ఏడో తరగతిలో బడి మానేసి ఇనుము చెక్కే లేతు మిషను ముందు నిలబడ్డాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. అందులో ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే పంపుల ఫ్యాక్టరీలో షాఫ్టులు చెక్కుతూ గడిపాడు. మోకాళ్ళు అరిగాయి. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఒక పాత లేతు కొని, సొంత షెడ్డులో, ఎత్తు స్టూలు మీద కూర్చుని పని చేసుకోవాలి. అందుకు ఎనిమిది లక్షలు కావాలి. చేతిలో ఉన్నది లక్షన్నర.

ఆ ఆదివారం పొద్దున స్కూటరుకు బ్రేకు తీగ మార్చుకుందామని మేస్త్రీ కూర్చున్నాడు. ప్లానయ్య కాగితం పట్టుకుని వచ్చాడు.

"బావా, డబ్బు దాచడం గొప్ప కాదు. పింఛను మీద బతకగలవా లేదా, అది ముందు తేలాలి."

"ఎలా తేలుతుందిరా?"

"మూడు నెలలు రిటైరైపోయినట్టే బతకండి. జీతంలో మూడో వంతే ఇంట్లో వాడండి. మిగతాది షెడ్డు కోసం బ్యాంకులో వేద్దాం. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దు. చెబితే జాలిపడి అప్పులిస్తారు, పరీక్ష చెడిపోతుంది."

"అప్పిచ్చేంత జాలి ఈ వీధిలో ఎవరికుందిరా?" అంది వాళ్ళక్క.

"అక్కా, నువ్వు మధ్యలో రాకు."

"రాను. వండటానికి కూడా రాను. పింఛను మీద పస్తుండండి."

అయినా సోమవారం నుంచి రిహార్సల్ మొదలైంది. మేస్త్రీ స్కూటరు మూలన పెట్టి నడిచి వెళ్ళాడు. సాయంత్రం కిరాణా కొట్లో బియ్యం సగం, నూనె సగం అడిగాడు.

"ఏం మేస్త్రీ, ఇంట్లో ఎవరైనా ఊరెళ్ళారా?" అన్నాడు కొట్టాయన.

అసలు సంగతి చెప్పకూడదు. అబద్ధమాడటం చేతకాదు. "లేదండీ, రిటైర్మెంటు కదా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాం," అన్నాడు.

కొట్టాయన తూకం వేస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "ఆహా. అయితే పాత బాకీ ఈ వారంలో చూస్తారుగా?"

మర్నాడు ఇంటి యజమాని వచ్చి, ఖాళీ చేసే ఆలోచన ఉంటే ముందుగా చెప్పమని మర్యాదగా బెదిరించి వెళ్ళాడు. గురువారం పక్కింటి టైలరమ్మ తన భర్త పాత చొక్కాలు రెండు మడత పెట్టి తెచ్చింది. "బాగానే ఉన్నాయి వదినా, బొత్తాలు నేనే కుట్టాను," అంది. మేస్త్రీ భార్య వాటిని అందుకుని, ఆవిడ గుమ్మం దిగేదాకా నవ్వి, తర్వాత మొగుడి మీదకు విసిరింది.

ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కూడా ఆ కిరాణా కొట్టు ఖాతాదారే. శుక్రవారం ఆయన లేతు దగ్గరకు వచ్చి, "ఇన్నేళ్ళ స్నేహం. నాక్కూడా ఒక్కమాట చెప్పాలనిపించలేదు కదూ?" అన్నాడు. జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. గంటలో రెండో షిఫ్టు పనివాణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టాడు. వాడు మిషను తిరుగుతుండగానే నిద్రపోతాడు కాబట్టి అందరూ వాణ్ణి కునుకు అంటారు.

"మేస్త్రీ చేతిపని చూసి నేర్చుకో. ఎన్నాళ్ళో ఉండడు," అన్నాడు ఫోర్‌మన్.

మేస్త్రీ లెక్క వేసుకున్నాడు. షెడ్డుకు డబ్బు చేరకముందే ఉన్న ఉద్యోగం ఊడితే ఇంక బతుకంతా రిహార్సలే. పరుగున బావమరిది దగ్గరకు వెళ్ళాడు.

"ఫోర్‌మన్‌తో ఉన్నదున్నట్టు చెప్పేస్తానురా."

"నోటితో చెబితే భయపడ్డావనుకుంటారు బావా. కాగితం మీద పెట్టాలి. కాగితానికి చెమటలు పట్టవు."

ప్లానయ్యే రెండు పేజీలు రాశాడు. చివర్లో, ఎంత డబ్బు ఇచ్చినా అరవై ఏళ్ళు నిండేదాకా ఈ సంస్థను విడిచి వెళ్ళను అని ఉంది. మేస్త్రీ అక్కడ వేలు పెట్టి ఆగాడు.

"ఎంత డబ్బిచ్చినా అని ఎందుకురా?"

"ఊపు కోసం. అయినా నీకు డబ్బెవడిస్తాడు?"

అదీ నిజమే అనిపించింది. సంతకం పెట్టాడు.

శనివారం మేనేజరు ఆ ఉత్తరం నిదానంగా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సొరుగులోంచి ఒక జాబితా తీశాడు.

"పాత లేతులు తీసేస్తున్నాం మేస్త్రీగారూ. పదిమందికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి గౌరవంగా పంపుదామనుకున్నాం. మీరు రిటైర్మెంటుకు సిద్ధమవుతున్నారని ఫోర్‌మన్ చెప్పాడు. మోకాళ్ళ నొప్పులు కదా పాపం అని మీ పేరే మొదట రాయించాను." ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేశాడు. "మీ మనసు తెలియక తప్పు చేయబోయాను. ఏమీ అనుకోకండి."

"సార్, ఆ ఉత్తరం మా బావమరిది రాశాడు సార్."

"ఎంత బాగా రాశాడండీ!"

"నేను వెళ్తాను సార్. సంతోషంగా వెళ్తాను."

"నాకోసం త్యాగాలు చేయొద్దు. మీలాంటివాళ్ళు ఉండాలి."

"పోనీ, ఆ మొత్తం ఎంత సార్?"

"వద్దు లెండి. డబ్బుకు లొంగని మనిషికి అంకె చెప్పి అవమానించలేను."

ఉత్తరాన్ని నోటీసు బోర్డుకు అంటించారు. షిఫ్టు మారే వేళ అందరూ చప్పట్లు కొట్టారు. ఖాళీ అయిన చోట కునుకు పేరు చేర్చారు. నిద్ర లేపి చెబితే, "నేనేం తప్పు చేశాను సార్?" అని ఏడ్చాడట.

మరుసటి ఆదివారం ప్లానయ్య కొత్త కాగితంతో వచ్చి చాలాసేపు తలుపు కొట్టాడు. అక్క తీయలేదు. ఎన్నడూ చేతికి రానిదాన్ని నష్టం అనకూడదని బయట నిలబడే వాదించాడు. మేస్త్రీ లోపల మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటూ విన్నాడు. ఒక్కోసారి అదీ నిజమేనేమో అనుకుంటాడు. లేని దానికోసం మనిషి ఎంతకాలం ఏడవగలడు? కాని కునుకు అమాయకుడు. చెక్కు తెచ్చి, "మేస్త్రీ, సున్నాలు సరిగ్గా ఉన్నాయా చూడు," అని ఆయన చేతిలోనే పెట్టాడు.

సున్నాలు సరిగ్గానే ఉన్నాయి: ఎనిమిది లక్షల ముప్పై ఆరు వేల నాలుగు వందలు.