చివరి గ్రహం దగ్గర బర్గర్లు

ఉల్లిపాయలు తరిగి పెట్టుకుని స్కూలు బస్సు కోసం ఎదురుచూడాలి. ఆ సోమవారం పొద్దున వెర్నాకి ఇంతకు మించి పనేమీ లేదు. అరిజోనాలోని ఆ చిన్న ఊళ్లో బడి ముందు సూర్యుడి బొమ్మ, అక్కడి నుంచి రోడ్డు పొడవునా గ్రహాల బొమ్మలు నిలబెట్టారు. ఊరి చివర ప్లూటో, దాని ఎదురుగా వెర్నా హోటల్. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి, సూర్యుడి దగ్గర మొదలుపెట్టి నడిచి నడిచి, నకనకలాడుతూ ఆమె బర్గర్ల మీద పడేవారు. హోటల్ నడిచేదే ఆ ఆకలి మీద.

తలుపు తీసేసరికి, బడిలో సైన్సు చెప్పే హాస్కెల్ మాస్టారు ప్లూటో కింద బోల్టులు విప్పుతున్నాడు.

"ఏంటి మాస్టారూ ఈ పని?"

"ఇది గ్రహం కాదని శాస్త్రవేత్తలు తేల్చేశారు వెర్నా గారూ. గ్రహమన్నాక తను తిరిగే దారిలో వేరే రాళ్లూ రప్పలూ లేకుండా శుభ్రంగా ఊడ్చుకోవాలట. ఇది ఊడ్చుకోలేదు."

"నేనూ రోజూ వాకిలి ఊడవను. అంతమాత్రాన నాది హోటల్ కాకుండా పోతుందా?"

మాస్టారు నవ్వాడు గానీ చెయ్యి ఆపలేదు. వెర్నాకి ఒళ్లు మండింది. ప్లూటో బొమ్మ స్తంభాన్ని కావలించుకుని అక్కడే చతికిలబడింది. సాయంత్రం ఊరి సభ పెడతామని మాటిచ్చాకే లేచింది.

"ప్లూటోని కనిపెట్టింది మన అరిజోనాలో. మన బిడ్డని మనమే గెంటేస్తామా?" అని సభలో నిలదీసింది. "గుండ్రంగా ఉంది, సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. గ్రహానికి ఇంకేం కావాలి?"

"ఆ లెక్కన అలాంటివన్నీ పెట్టాలి మరి," అన్నాడు మాస్టారు.

"పెట్టండి. ఎవరొద్దన్నారు?"

అందరూ చేతులెత్తారు. తీర్మానం నెగ్గింది. మంగలి షాపు ముందు, అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే బుల్లి సీరీస్ వెలిసింది. ప్లూటో దాటాక ఒకటి, ఇంకాస్త అవతల మరొకటి మొలిచాయి. అన్నిటికన్నా దూరపుదైన ఎరిస్‌ని హైవే మీద పెట్రోలు బంకు దగ్గర నాటాల్సి వచ్చింది. గెలిచిన ఊపులో వెర్నా దాన్ని తన పికప్‌లోనే మోసుకెళ్లి దించింది.

తర్వాతి బస్సు పిల్లలు ప్లూటోకి చెయ్యూపి ముందుకు సాగిపోయారు.

"ఆగండ్రా, బర్గర్లు చల్లారిపోతాయి," అని కేకేసింది వెర్నా.

"చివరి గ్రహం చూశాకే భోజనం ఆంటీ. బస్సు కూడా అక్కడికే వస్తుంది," అంది ఒక పిల్ల.

పెట్రోలు బంకులో ఫ్రిజ్ సాండ్‌విచ్‌లన్నీ ఖాళీ అయ్యాయి. వెర్నాకి నిజంగానే ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ముఖం కడుక్కుని, పెనం, స్టవ్వు పికప్‌కెక్కించి ఎరిస్ కిందకి బయల్దేరింది.

దారిలో హాస్కెల్ ఎదురయ్యాడు. "మరి మన ప్లూటో సంగతి?"

"ఏమో మాస్టారూ," అంది వెర్నా బండి ఆపకుండానే, "దాని మీద నాకు మొదట్నుంచీ అనుమానమే."