హాంబర్గ్ కూడలిలో దిష్టి గుమ్మడికాయ

గురువారం పొద్దున భార్గవ్‌కు రెండు పనులున్నాయి. ముందు కొత్తగా కొన్న కారుకు దిష్టి తీయాలి. తరవాత పదకొండింటికి విదేశీయుల కార్యాలయంలో టెర్మిన్‌కు, అంటే అపాయింట్‌మెంటుకు, వెళ్లాలి. శాశ్వత నివాసం కోసం చలికాలంలో దరఖాస్తు పెడితే ఎండాకాలంలో దొరికిన టెర్మిన్ అది. ఎండాకాలమని క్యాలెండర్ చెప్పడమే గాని, హాంబర్గ్‌లో వాన పడుతూనే ఉంది.

దిష్టి సంగతి అత్తగారు ఛాయాదేవి చూసుకుంటోంది. వరంగల్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన ఆవిడ, దిష్టి తీయని కారు గడప దాటకూడదంది. బూడిద గుమ్మడికాయ ఎక్కడా దొరకలేదు. టర్కీవాళ్ల కొట్లో కూర గుమ్మడికాయ తెచ్చారు. బెజ్జం పెట్టి, కుంకుమ పోసి, పైన కర్పూరం వెలిగించి, కారు చుట్టూ తిప్పారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయను పార్కింగ్‌లో ఓ మూల కొడతానన్నాడు భార్గవ్.

"మూలకు కొడితే దిష్టి మూలకే ఉంటది. నాలుగు తొవ్వలు కలిసేకాడ కొట్టు బిడ్డా," అంది ఛాయాదేవి.

కొట్టాడు. కుంకుమ వాన నీళ్లలో కలిసి రోడ్డుకు అడ్డంగా పారింది. సైకిల్ మీద వస్తున్న ఒకాయన దిగి, ముందు ఫోటో తీసుకుని, తరవాత పోలీసులకు ఫోన్ చేశాడు.

వచ్చిన అధికారి పేరు ఫోగ్ట్. ఆయన కిందటి వారమే ఒక పూట శిక్షణ పొందాడు. ఆఫ్రికా నుంచి కరీబియన్ దీవులకు వెళ్లిన మతాలను పోలీసులు అర్థం చేసుకోవడం ఎలా అన్నది దాని విషయం. ఈ వీధిలో ఒక క్యూబా మహిళ చేతబడి చేస్తోందనీ, గుమ్మం వెనక కొబ్బరికాయ పెట్టి దాని ముందు చాక్లెట్లు పోస్తోందనీ ఎవరో ఫిర్యాదు చేయడంతో ఆ శిక్షణ పెట్టారట. ఫిర్యాదు చేసింది భార్గవే. పై అంతస్తు యోలాండా ఇంటి తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ కొబ్బరికాయను చూశాక, ఆమెతో కలిసి లిఫ్టు ఎక్కడం కూడా మానేశాడు.

ఫోగ్ట్ కూడలికి నాలుగు వైపులా టేపు కట్టించాడు. బస్సులు ఆగాయి. చేతికి తొడుగులు వేసుకుని గుమ్మడికాయ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కూడలి, ఎరుపు, నిప్పు. శిక్షణలో విన్నవన్నీ ఒకేచోట దొరికినందుకు ఆయన సంతోషం దాచుకోలేకపోయాడు.

"గుమ్మడికాయ పలిగితే గింతమందా? మా దిక్కు మనిషి పడ్డా రారు," అంది ఛాయాదేవి.

భార్గవ్ తన టెర్మిన్ సంగతి చెబితే, ఫోగ్ట్ ఉన్నమాట చెప్పాడు. ఇది మతాచారమైతే రోడ్డు శుభ్రం చేస్తే చాలు. కాకపోతే వాహనాలకు ప్రమాదం తెచ్చిన నేరం అవుతుంది. కేసు తేలేదాకా నివాసం దరఖాస్తు కదలదు. మతాచారమేనని భార్గవ్ వెంటనే అన్నాడు. ఏ మతమో చెప్పేలోగా ఫోగ్ట్ తనకు తెలిసిన దారిలో మొదలుపెట్టాడు.

"దారిలో అడ్డంకులు తొలగించే దేవుడికా?"

"అవును."

"ఏ పూజ చేసినా ముందు ఆయనకే చేస్తారు?"

"ఆయనకే."

"చిన్నపిల్లాడి రూపంలో కూడా కొలుస్తారు. తీపి అంటే ఇష్టం."

"లడ్డూలంటే ప్రాణం, హెర్ ఫోగ్ట్," అన్నాడు భార్గవ్. జర్మన్ పోలీసులకు వినాయకుడి గురించి ఇంత తెలుసని అతను అనుకోలేదు.

ఫోగ్ట్ 'ఎలెగ్వా' అని రాసుకుని, అది క్యూబావాళ్ల సాంతెరియా మతంలో దేవుడి పేరని వివరించాడు. భార్గవ్ కంగారుపడ్డాడు. తాము ఆ చేతబడివాళ్లం కాదని, తమది దిష్టి మాత్రమేనని, రెండిటికీ సంబంధం లేదని చెప్పాడు. ఫోగ్ట్ సానుభూతితో తలాడించాడు. వీళ్లు బయటివాళ్ల దగ్గర మతాన్ని దాచుకుంటారని, కాదనడమే ఒక ఆనవాలని శిక్షణలో చెప్పారు.

అప్పుడే యోలాండా ఆఫీసుకు బయల్దేరి టేపు దగ్గర ఆగింది. ఆమె పన్నుల సలహాదారు. ఫోగ్ట్ ఆమెను మతపెద్దగా భావించి, ఈ నైవేద్యం సరిగ్గా ఉందా అని అడిగాడు. యోలాండా వంగి చూసింది.

"మా ఇంట్లో దేవుడికిచ్చేది ముందు పెడతాం. నేలకేసి కొట్టం. ఇది మాది కాదు."

శిక్షణలో ఇలాంటి చిత్రమే చూపించారని ఫోగ్ట్ అన్నాడు.

"ఆ శిక్షణకు మావాళ్లనెవరినైనా పిలిచారా?"

సహకరించడం లేదు, అని రాసుకున్నాడు ఫోగ్ట్. యోలాండా భార్గవ్ వైపు తిరిగింది. తన గుమ్మం వెనక ఉన్న కొబ్బరికాయ కూడా ఆ ఎలెగ్వాయేనని, దాన్ని చూసి అతనెందుకు పరిగెత్తుతాడో తనకు ఇప్పటికీ తెలియదని చెప్పింది.

అంతలో భార్య భానుప్రియ ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "టైమ్ చూసినవా? వాళ్లేమడిగినా అవునను భార్గవ్. ఈ టెర్మిన్ పోతే మళ్ల దొరకది."

ఫోగ్ట్ చివరి ప్రశ్న వేశాడు. ఈమె కాదంటోంది. మరి మీరు సాంతెరియా మతస్థులా, కాదా? భార్గవ్ యోలాండా వైపు చూశాడు. తరవాత వాచీ చూసుకున్నాడు.

"అవును," అన్నాడు. "ఆమెకు మా ఆచారాలు పూర్తిగా తెలియవు."

యోలాండా గొడుగు మూసింది. వానలో అలాగే నిలబడి అతన్ని చూసింది.

ఆలస్యం తమవల్లే జరిగిందని ఫోగ్ట్ భార్గవ్‌ను పోలీసు కారు ఎక్కించాడు. నైవేద్యాన్ని ఆ మతంవాళ్లే తీయాలి కాబట్టి చెత్త సంచీ యోలాండా చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఛాయాదేవికి అందించి బస్సు కోసం నడిచింది. దిష్టి తీశాక వెనక్కి తిరిగి చూడకూడదు. భార్గవ్ చూడలేదు.

శాశ్వత నివాసం మంజూరైంది. అంతా గుమ్మడికాయ మహిమేనని ఛాయాదేవి వరంగల్‌కు ఫోన్ చేసి చెప్పింది.

కొన్నాళ్లకు ఫోగ్ట్ ఫోన్ చేశాడు. రెండో విడత శిక్షణ పెడుతున్నారట. ఈసారి ఆ మతంలో పుట్టి పెరిగిన మనిషి చేతనే చెప్పించాలని పైవాళ్లు నిర్ణయించారట. యోలాండాను పిలవమని భార్గవ్ అన్నాడు. ఆమె ప్రతిదానికీ కాదంటుందని, అలాంటివాళ్లతో శిక్షణ సాగదని ఫోగ్ట్ చెప్పాడు. నివాసం కార్డు ఇంకా చేతికి రాలేదు. భార్గవ్ ఒప్పుకున్నాడు.

శిక్షణకు బయల్దేరే ముందు క్యూబా ఎక్కడుందో మ్యాపులో చూసుకున్నాడు.