పది నిమిషాల్లో ఎన్ని స్వరాలు?

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, సంగీత మండలి ఒక్కటే తక్కువైంది. చివరికి అదీ వచ్చింది. మండలి వచ్చాక నిబంధనలు రాకుండా ఉంటాయా? ఇక మీదట ఆస్థాన విద్వాంసుడు ఒక్కడికే లైసెన్సు ఇస్తామనీ, మిగతావాళ్ళు నలుగురిలో తీగ మీటితే నేరమనీ ప్రకటించారు.

ఆ మాట విని ఉడుత వీరభద్రం తన గిటారుని గట్టిగా వాటేసుకున్నాడు. ముద్ద లేకపోయినా రెండు రోజులు ఉండగలడు గానీ, గిటారు వాయించకుండా ఒక్క పూట ఉండలేడు.

వీరభద్రం వాయించే పద్ధతే వేరు. దొరల దేశపు పాతకాలం వయొలిన్ కచేరీల్లోని వరసలు పట్టుకొచ్చి, కరెంటు గిటారు మీద గుక్క తిప్పుకోకుండా పరిగెత్తించేవాడు. అడవిలో కరెంటెక్కడిదని అడక్కండి, మండలి ఉన్న అడవికి కరెంటు ఓ లెక్కా? ఆ వరసల్లో చాలావాటికి మన కీరవాణి రాగం పోలికలు ఉండేవి. అందుకే కుందేళ్ళ దగ్గర్నుంచి అడవిదున్నల దాకా అందరూ చెవులొగ్గి వినేవారు. వేళ్ళు ఎంత పరిగెత్తినా లోపల ఒక పాట ఉండేది.

మండలి కార్యదర్శి నక్క పంచాక్షరి. పాపం, ఆయన కష్టం ఆయనది. ఆయన బొరియలో ఓ కీచురాయి కాపురం పెట్టి, పగలనక రాత్రనక ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ గీకుతూ కూర్చునేది. నక్కకి కంటి మీద కునుకు లేదు. దాన్ని ఆస్థాన విద్వాంసుణ్ణి చేసేస్తే కొండ మీద మంటపంలో బస ఇస్తారు, తన బొరియ తనకి మిగులుతుంది అని ఆయన ఆలోచన.

అందుకని ఒక నిబంధన రాశాడు. పది నిమిషాల్లో ఎవరు ఎక్కువ స్వరాలు పలికిస్తే వాళ్ళదే పదవి. సంగీతం బాగుందో లేదో తేల్చాలంటే కూర్చుని వినాలి, లెక్క తేల్చడానికైతే సంతకం చాలు అని సభ్యులకి నచ్చజెప్పాడు. వినే బాధ తప్పిందని వాళ్ళూ సంతోషించారు. లెక్కించే పని వడ్రంగిపిట్టకి అప్పగించారు. స్వరానికొక పోటు చొప్పున చెట్టు మీద పొడవాలి.

వీరభద్రం సాధనలో పడ్డాడు. మొదట పాటల్లో ఊపిరి తీసుకునే చోట్లన్నీ తీసేశాడు, అక్కడ స్వరాలు పడవు కదా. తర్వాత స్వరాన్ని పట్టి ఊపే గమకాలు పోయాయి. ఒకటి ఊపే లోపు పన్నెండు మీటొచ్చు మరి. చిన్నగా మొదలుపెట్టి పెద్దగా ముగించడం, ఒక వరసకి ఇంకో వరస జవాబు చెప్పడం, ఇవన్నీ దండగ ఖర్చుల్లా కనిపించాయి. పది రోజులు తిరిగేసరికి మిగిలింది వేగం ఒక్కటే.

భార్య సరసమ్మ పదకొండో రోజున నోరు విప్పింది.

"ఇదివరకు మీరు వాయిస్తుంటే తర్వాత ఏమొస్తుందా అని వినేదాన్ని. ఇప్పుడు ఎప్పుడాపుతారా అని వింటున్నానండీ."

వీరభద్రానికి ఒళ్ళు మండింది. లైసెన్సు పోతే అసలు వినడానికే ఏమీ ఉండదని విసుక్కున్నాడు. పైకి విసుక్కున్నాడు గానీ, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది.

పోటీ రోజున ముందు కీచురాయి వేదిక ఎక్కింది. అదే స్వరం, కీచు మీద కీచు, పది నిమిషాలు, తెరిపి లేదు. వడ్రంగిపిట్ట మెడ పట్టేసింది. లెక్క ఎనిమిది వేల చిల్లర తేలింది. మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి గున్నయ్య కుర్చీలోనే గుర్రుపెట్టాడు.

తర్వాత వీరభద్రం. మెట్ల మీద గోలీలు దొర్లినట్టు స్వరాలు కురిపించాడు. నాలుగు నిమిషాలకే నాలుగు వేలు దాటాయి. నెగ్గడం ఖాయమే. కానీ తలెత్తి చూస్తే జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు. అడవిదున్న దూడని తోలుకుని వెళ్ళిపోతోంది. సరసమ్మ మాత్రం కూర్చునే ఉంది, తల దించుకుని.

వాయిస్తున్న తనకే విసుగ్గా ఉందని వీరభద్రానికి అప్పుడు తెలిసింది. ఇలా వాయించుకోవడానికా లైసెన్సు? ఆపేశాడు.

వడ్రంగిపిట్ట ముక్కు గాలిలోనే ఆగిపోయింది.

వీరభద్రం ఒక్క స్వరం మీటాడు. దాన్ని వదలకుండా పట్టి, మెల్లగా ఊపాడు. కాసేపు ఊరుకున్నాడు. ఇంకోటి మీటాడు. నాలుగు స్వరాల చిన్న పాట, ఎవరైనా కూనిరాగం తీసుకునేటంతటిది. దాన్నే తిప్పి తిప్పి పలికించాడు, ఒకసారి అడిగినట్టు, ఒకసారి అలిగినట్టు. ఇక ఆ పాట తనంతట తానే పరిగెత్తాలన్నప్పుడు వేళ్ళు వదిలాడు. అదే మెరుపు వేగం, కానీ ఈసారి దానికి వెళ్ళాల్సిన చోటుంది. పైదాకా వెళ్ళి, అక్కడ నిలబడి, మళ్ళీ నాలుగు స్వరాల దగ్గరికే దిగొచ్చింది. వెళ్ళిపోతున్నవాళ్ళు వెనక్కొచ్చారు. అడవిదున్న కళ్ళు తుడుచుకుంది. వడ్రంగిపిట్ట లెక్క మర్చిపోయింది. గున్నయ్య నిద్ర లేచి కూర్చున్నాడు.

అయినా నిబంధన నిబంధనే. లెక్కకెక్కినవి నాలుగు వేలేనని నక్క చదివేశాడు. కీచురాయికి శాలువా, వీరభద్రానికి నిషేధం. సరసమ్మ వచ్చి గిటారు అందుకుని, ఈ రోజు బాగా వాయించారంది. వీరభద్రానికి ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది.

గున్నయ్య సంతకం చేసి, కలం మూయబోతూ ఆగాడు.

"కార్యదర్శి గారూ, ఇంతటి విద్వాంసుణ్ణి వెతికిపెట్టిన రసికులు మీరు. ఆయన వాయించినంతసేపూ ముందు వరసలో మీరు లేకపోతే మండలికి మర్యాద కాదు. అదీ ఓ నిబంధనగా రాసేయండి."

నక్క రాసుకున్నాడు. రాయక చస్తాడా?

కీచురాయి వాయించని ఘడియ లేదు కాబట్టి, నక్క ఆ కుర్చీలోంచి లేచిన ఘడియా లేదు. లైసెన్సు లేకుండా వాయించేవాళ్ళని పట్టుకునే అధికారం కార్యదర్శి ఒక్కడిదే. ఆయనకి తీరిక దొరకనంత కాలం వీరభద్రం వాగు ఒడ్డున హాయిగా వాయించుకున్నాడు, అడవంతా విన్నది. అధ్యక్షుల వారు కూడా రోజూ తనిఖీకని వచ్చి, ఆఖరి పాటయ్యేదాకా తనిఖీ చేసి వెళ్ళేవారు.

నీతి: సంగీతం బతకాలంటే, అధికారులకు ముందు వరసలో కుర్చీలు తప్పనిసరి చేయాలి.