రాజావారి జవాబులు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. వంటింటి కుళాయి కారుతోంది కాబట్టి బాగుచేసే మనిషి వస్తాడు. అతను వచ్చేదాకా కళ్లద్దాలాయన కింద ఉన్న తన కళ్లద్దాల దుకాణం తెరవకుండా మేడ మీద ఇంట్లోనే ఉంటాడు. ఈలోగా ఆయన భార్య బజారుకు వెళ్లి వస్తుంది.

"కుళాయి అతను వస్తే పక్కనే నిలబడి చూడండి. పేపరు చదువుకుంటూ 'ఊఁ' అనకండి," అని చెప్పి ఆవిడ సంచీలు తీసుకుని మెట్లు దిగింది.

ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు.

కళ్లద్దాలాయనకు మాటలు రావని కాదు. కింద దుకాణంలో ఫ్రేముల గురించి, అద్దాల గురించి కస్టమర్లకు చెవులు చిల్లులు పడేలా చెప్పగలడు. ఇంటి మెట్లెక్కాక మాత్రం "ఊఁ", "సరే", "చూద్దాం" అనే మూడు మాటలతోనే ఇన్నేళ్ల సంసారాన్ని నెట్టుకొచ్చాడు. మాటల్లో ఇంత పిసినారి అయిన మనిషికి అసూయ విషయంలో మాత్రం చెయ్యి పెద్దది. పాలవాడు తన భార్యను చూసి నవ్వినా ఆ పూట ఆయనకు టీ చేదుగా ఉండేది. అదైనా పైకి చెప్పేవాడు కాదు.

ఆవిడ గొంతు అరిగిపోకూడదని కొన్నాళ్ల కిందట బావమరిది ఒక ఉపాయం చేశాడు. అతను కంప్యూటర్లు బాగుచేసేవాడు. మేడ మీదున్న పాత కంప్యూటరు నుంచి కింద దుకాణంలోని కంప్యూటరుకు ఒక వైరు లాగి, రెండింటిలోనూ కబుర్లు పంపుకునే చిన్న ప్రోగ్రాం పెట్టాడు. ఇటు రాసింది అటు కనిపిస్తుంది, అంతే. అక్క ఇక మెట్ల మీద నిలబడి "ఏమండీ, భోజనం!" అని వీధి వీధంతా వినేలా అరవనక్కర్లేదు. కానీ నాలుగు రోజులు తిరక్కుండానే కళ్లద్దాలాయన విసుక్కున్నాడు. "ఒరేయ్, కస్టమరు బోర్డు మీద అక్షరాలు చదువుతుంటే మధ్యలో టింగుమంటోందిరా. ఉలిక్కిపడి తప్పు చదువుతున్నారు. తీసిపారెయ్ దాన్ని." బావమరిది దుకాణం కంప్యూటరు ముందు కాసేపు కూర్చుని లేచి, "ఇక చప్పుడు రాదు బావా," అన్నాడు. నిజంగానే రాలేదు. పీడ విరగడైందనుకుని ఆయన ఆ సంగతే మరిచిపోయాడు.

ఇప్పుడు పేపరు అయిపోయింది, కుళాయి మనిషి రాలేదు. గది మూలన పాత కంప్యూటరు గుర్రుపెడుతోంది. ఆవిడ ఆపడం మరిచిపోయినట్టుంది. కరెంటు దండగని ఆయన దాన్ని ఆపడానికి వెళ్లి మౌసు కదిపాడు. తెర వెలిగింది.

తెర మీద కబుర్ల ప్రోగ్రాం తెరిచే ఉంది. భార్య రాసిన మాటలు ఒకవైపు. రెండోవైపు ఎవరో "రాజావారు".

"భోజనం వేళయింది," అని రాసింది ఆవిడ.

"నువ్వు తినకుండా నాకు ముద్ద దిగదు," అన్నాడు రాజావారు.

"ఇవాళ వాన వచ్చేలా ఉంది."

"నువ్వు నవ్వితే చాలు, నాకింకేమీ అక్కర్లేదు."

"కుళాయి కారుతోంది."

"రోజంతా నీ గురించే ఆలోచిస్తుంటాను."

కళ్లద్దాలాయన పైకి జరిపి చూశాడు. నిన్నటివి, మొన్నటివి, అంతకు ముందువి, అన్నీ ఇదే వరస. మాటకూ జవాబుకూ ఎక్కడా పొంతన లేదు. అయితే ప్రేమలో పడ్డవాళ్లకు పొంతన ఎక్కడిదని ఆయనే సర్ది చెప్పుకున్నాడు. ఈమధ్య ఆవిడ మధ్యాహ్నాలు ఈ కంప్యూటరు ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముసిముసిగా నవ్వడం ఆయన కంట పడింది కూడా. తాను చేసిచ్చిన కొత్త కళ్లద్దాలు బాగా కుదిరి నవ్వుతోందనుకుని లోలోపల పొంగిపోయాడు! అది గుర్తొచ్చి ఒళ్లు భగ్గుమంది.

కుర్చీ లాక్కుని కూర్చుని, ఒంటివేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ రాశాడు. "ఎవడ్రా నువ్వు?"

రెప్ప వేసేలోగా జవాబు వచ్చింది. "నీకోసం ఎదురుచూస్తున్నవాణ్ణి."

"సిగ్గు లేదా? పెళ్లయిన మనిషితో ఈ మాటలేంటి?"

"నువ్వేమన్నా నాకు తియ్యగానే ఉంటుంది."

ఇంత తిట్టినా తొణకని మనిషిని ఆయన జన్మలో చూడలేదు. అసలు వీడెవడు? చెమట తుడుచుకుంటూ తల ఎత్తితే, వీధికి అవతల కిటికీలో పళ్ల డాక్టరు కనిపించాడు. కంప్యూటరు మీదకు వంగి, ముక్కు తెరకు ఆనించి, గబగబా ఏదో కొడుతున్నాడు.

అంతా అర్థమైపోయింది. కిందటి నెలలో ఆవిడకు పన్ను నొప్పి వచ్చి ఆ డాక్టరు దగ్గరికే వెళ్లింది. తిరిగొచ్చి, "నా పళ్లు ముత్యాల్లా ఉన్నాయన్నారండీ డాక్టరుగారు," అని సంబరంగా చెప్పింది. అప్పుడు ఆయన "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఇప్పుడు గొంతులో ఎముకలా అడ్డం పడింది.

సరిగ్గా అప్పుడే పళ్ల డాక్టరు కిటికీ తెరిచి కళ్లు చికిలించి ఇటు చూశాడు. "ఏమండీ! నా కళ్లద్దాలు అయ్యాయా? కుర్చీలో పేషెంటు ఉన్నాడండీ!"

అతని కళ్లద్దాలు నిన్ననే తయారయ్యాయి. కింద సొరుగులో ఉన్నాయి.

"కాలేదు!" అని అరిచాడు కళ్లద్దాలాయన. "ఇవాళ కావు! ఈ జన్మలో కావు!"

"మరి నేను పని చేసుకునేదెలాగండీ?"

"ముత్యాలు బాగానే కనిపిస్తాయిగా, వాటితోనే చేసుకో!"

డాక్టరు అయోమయంగా లోపలికి వెళ్లిపోయాడు. కళ్లద్దాలాయన విజయగర్వంతో మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని, "చూశావా నా దెబ్బ? ఇప్పుడేం చేస్తావు?" అని రాశాడు.

"పని అవగానే వచ్చేస్తాను. తలుపు తీసే ఉంచు," అని జవాబు.

ఇంటికే వస్తాడట! కళ్లద్దాలాయన గొడుగు చేతికి తీసుకుని, తలుపు బార్లా తీసి, పక్కన నక్కి నిలబడ్డాడు. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఒక మనిషి లోపలికి అడుగు పెట్టాడు. కళ్లద్దాలాయన అతని చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వేనా రాజావారు?"

"కాదండీ, కుళాయి వాణ్ణి."

"రాజావారు పంపాడా నిన్ను?"

"అమ్మగారు ఫోన్ చేశారండీ," అన్నాడు అతను రెండు చేతులూ పైకెత్తి.

చొక్కా వదిలి, వంటిల్లు చూపించి, కళ్లద్దాలాయన మళ్లీ తెర ముందుకు పరిగెత్తాడు. పక్కన నిలబడి చూడమన్న మాట ఆయనకు గుర్తే లేదు. ఆయన మెదడంతా అసూయతో కుతకుత ఉడుకుతోంది. రాస్తున్న ప్రతి ముక్కనూ గట్టిగా అరుస్తూ మరీ రాశాడు. "నీ పళ్లన్నీ ఊడగొట్టి... నీ చేతిలోనే పెడతాను... ఇక్కణ్ణుంచి ప్రాణాలతో పోవనుకో!"

వంటింట్లో కుళాయి తల విప్పి చేతిలో పట్టుకున్న మనిషి ఆ మాటలు తనకేననుకున్నాడు. కుళాయి తలతో సహా మెట్లు దిగి పారిపోయాడు. నీళ్లు బుసబుసమంటూ వంటిల్లు నింపి, హాల్లోకి వచ్చి, మెట్ల దారి పట్టాయి. కళ్లద్దాలాయన పాదాలు తడిశాయి గానీ ఆయన చూడలేదు. తెర మీద "నీ పాదాలు కందిపోతాయి, కాసేపు కూర్చో" అని వచ్చింది మరి.

ఆ నీళ్లలో తపతపమంటూ ఎక్కి వచ్చాడు బావమరిది. రెండు బుగ్గలూ కిందికి జారి, మూతి ఎటు తిరుగుతోందో అతనికే తెలియనట్టుంది.

"హాహా..." అన్నాడు. బావా అనబోయాడన్నమాట. డాక్టరు కుర్చీలో ఉన్న పేషెంటు అతనే. కళ్లద్దాలు లేని డాక్టరు తిమ్మిరి ఇంజక్షను ముందు తప్పువైపు ఇచ్చి, తర్వాత సరైనవైపు కూడా ఇచ్చాడు. పన్ను పీకేలోగా పేషెంటు లేచి, బావను నిలదీయడానికి వచ్చేశాడు.

"వచ్చావా!" అన్నాడు కళ్లద్దాలాయన. "చూడరా, మీ అక్క నిర్వాకం. ఆ పళ్లవాడితో... నా కొంప ముంచేశార్రా!"

బావమరిది తెర చూశాడు. బావ కోపంగా రాసినవీ, వాటి కింద రాజావారి జవాబులూ చదివాడు. అతని జారిన మూతి వంకర తిరిగి, కళ్లవెంట నీళ్లు కారాయి. ఏడుస్తున్నాడనుకుని కళ్లద్దాలాయన భుజం తట్టాడు. "హాఁ హాఁ హూహానం!" అంటూ అతను కింద దుకాణం వైపు చూపించాడు. ఎంత చెప్పినా బావకు ఎక్కకపోయేసరికి, చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాడు.

దుకాణం షట్టరు లేచేసరికి, పారిపోయిన పేషెంటును వెతుక్కుంటూ పళ్ల డాక్టరు తడుముకుంటూ వచ్చాడు. అటువైపు నుంచి సంచీలతో ఆవిడ వచ్చి, మెట్ల మీంచి వీధిలోకి పారుతున్న నీళ్లు చూసి, "ఏమండీ, ఏమైంది?" అని కేక వేసింది. ముందు పైకి పరిగెత్తి నీళ్ల గొట్టం కట్టేసి, తడిసిన కాళ్లతో దిగి వచ్చింది.

బావమరిది దుకాణం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆపితే మళ్లీ లేవడానికి బద్ధకిస్తుందని ఆ కంప్యూటరును ఎప్పుడూ ఆపరు. తెర అడుగున దాచిపెట్టిన కబుర్ల ప్రోగ్రాం కిటికీని పైకి లాగాడు. అంతే, అది తెరంతా పరుచుకుంది. పైన పెద్ద అక్షరాలతో "రాజావారు". కింద "ఎవడ్రా నువ్వు" దగ్గర్నుంచి కళ్లద్దాలాయన ఉదయం నుంచి రాసిన తిట్లన్నీ వరసగా.

"ఏముందండీ అక్కడ? నాకు కనిపించట్లేదు," అన్నాడు డాక్టరు.

కళ్లద్దాలాయనకు దుకాణంలో నిలబడితే చేతులు వాటంతటవే పని చేస్తాయి. సొరుగు తీసి కళ్లద్దాలు డాక్టరు ముక్కు మీద పెట్టి, "కింది వరస కనిపిస్తోందా?" అని అడిగేశాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ," అని డాక్టరు తెరవైపు తిరిగి గట్టిగా చదివాడు. "'నీ పళ్లన్నీ ఊడగొట్టి నీ చేతిలోనే పెడతాను.' ఇది మా వృత్తికి సంబంధించిన విషయంలా ఉందే?"

ఎవరూ నవ్వలేదు, బావమరిది తప్ప. అతనికి నవ్వు కూడా సరిగా రావడం లేదు.

ఆవిడ సంచీలు కింద పెట్టింది. "చప్పుడు తీసేయమన్నారు, బాగానే ఉంది. మరి నేను రాసేవి ఎక్కడికి పోవాలండీ? 'భోజనానికి రండి' అని రాసి గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. మనిషి ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. అందుకే తమ్ముణ్ణి అడిగాను, ఏది రాసినా దానంతట అదే ఒక జవాబు వచ్చేలా పెట్టరా అని. ఆ జవాబులు కూడా నేనే రాసిచ్చాను. మీ నోటివెంట వింటే బావుండునని ఇన్నేళ్లూ అనుకున్న మాటలే అవి."

"మరి... ఈ రాజావారు?"

"మీరేనండీ. ఇంకెవరు?"

కళ్లద్దాలాయన తల దించుకున్నాడు. సిగ్గేసింది, కళ్లు చెమ్మగిల్లాయి. విచిత్రం ఏమిటంటే, అసూయ మాత్రం చల్లారలేదు. తాను అనాల్సిన మాటలన్నీ వాడు ముందే అనేశాడు. తన భార్య నవ్వులన్నీ మధ్యాహ్నాల్లో వాడే కొట్టేశాడు. తనకేం మిగిల్చాడు?

"తీసెయ్యరా వాణ్ణి," అన్నాడు బావమరిదితో.

"పాపం, వాడేం చేశాడండీ?" అంది ఆవిడ.

"రేపట్నుంచి జవాబు నేనే ఇస్తాను."

"చూద్దాం," అంది ఆవిడ. బావమరిది రాజావారిని తీసేసి, అక్క వెనకే సంచీలు మోసుకుంటూ మేడ ఎక్కాడు. కాసేపటికి దిగి వచ్చి, డాక్టరు వెంట పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో కళ్ల పరీక్ష జరుగుతోంది. కస్టమరు ఎత్తు కుర్చీలో కూర్చుని ఒక కన్ను మూసుకున్నాడు. తెర మీద "భోజనం వేళయింది" అని వచ్చింది. "పైనుంచి చదువుతూ ఉండండి," అని చెప్పి కళ్లద్దాలాయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఊఁ" అని రాసి చెరిపేశాడు. "సరే" అని రాసి అదీ చెరిపేశాడు. ముద్ద దిగదన్న మాట వేలి చివరిదాకా వచ్చింది గానీ, అది వాడి ఎంగిలి. చివరికి ఉక్కిరిబిక్కిరవుతూ రాశాడు. "నిన్న నిన్నెవరో తీసుకుపోతారని చచ్చేంత భయమేసింది. ఆ మాటలన్నది నేను కానందుకు ఏడుపొచ్చింది. నువ్వు పైన ఉన్నావన్న ధైర్యంతోనే నేను కింద రోజంతా కూర్చుంటాను." కళ్లు మూసుకుని పంపించేశాడు.

వెంటనే జవాబు వచ్చింది. "ఊఁ."

ఆయన నివ్వెరపోయాడు. "మనసులో మాట రాశాను, చదివావా?" అని రాశాడు.

"సరే."

"ఏం సరే?"

"చూద్దాం."

ఆ మూడు మాటలు ఎవరివో గుర్తుపట్టడానికి ఆయనకు కళ్లద్దాలు అక్కర్లేకపోయింది. నిన్న బావమరిది పైకి ఎందుకెళ్లాడో కూడా తెలిసిపోయింది. కుర్చీ తన్నేసి రెండేసి మెట్ల చొప్పున మేడ ఎక్కాడు. ఆవిడ రెండు కంచాలు పెట్టి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం నిండా నవ్వు.

"మొత్తం చదివాను. మళ్లీ చదివాను," అంది. "ఇప్పుడు నోటితో చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి మొదలయ్యాక ఆపడం తెలియలేదు.

కింద కుర్చీలో కస్టమరు మాత్రం చివరి వరసదాకా చదివి, రెండో కన్ను ఎప్పుడు మూసుకోవాలని ఖాళీ దుకాణాన్ని అడుగుతూ కూర్చున్నాడు.