మూడు డిగ్రీల ఇంటి స్థలం

కంబాలదిన్నెలో పంచడానికి నేల అయిపోవడంతో గత ఏడాది జూన్ నుంచి ఇళ్ళ స్థలాలను ఆకాశంలో ఇస్తున్నారు. మొదటి విడతలో నాలుగు వందల పన్నెండు మందికి పట్టాలు అందాయి. మూడు వందల ఏడో పట్టా కుళ్ళాయప్పది.

కుళ్ళాయప్ప బస్టాండు ఎదురుగా స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తాడు. ఇళ్ళ స్థలాల జాబితాలో అతని పేరు పదకొండేళ్ళుగా ఉంది. ఆ పదకొండేళ్ళలో అతను, భార్య ఓబుళమ్మ, కూతురు హేమలత నాలుగు అద్దె ఇళ్ళు మారారు. పట్టా ఇంటికి వచ్చిన రోజు ఓబుళమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. రాశి: ఏకశృంగి. విస్తీర్ణం: మూడు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు. నేల రకం: ఎర్ర నేల. హద్దులు: నాలుగు మూలల్లో నాలుగు నక్షత్రాలు, వాటి నంబర్లు. స్థలం నడుమ గులాబీ పువ్వు ఆకారంలో ఒక నెబ్యులా, అంటే వాయువూ ధూళీ కలిసిన మేఘం ఉన్నట్టు రిమార్కుల్లో రాశారు.

"ఈ మబ్బు గూడా మనదేనా?" అని అడిగింది ఓబుళమ్మ.

"హద్దుల లోపల ఉండేదంతా మనదేనంట."

"పక్కనెవరు?"

"తూర్పున రిటైరైన హెడ్మాస్టరు శ్రీరాములయ్య. పడమర ఖాళీ."

"ఆయప్పతోనా! బడి గోడ మీద పిల్లోళ్ళ నీడ పడినా ఊరుకోలేదు ఆయప్ప."

స్థలాలను లాటరీ తీసి పంచారు. ఊళ్ళోని ఒక కాంట్రాక్టరు బంధువులు ఏడుగురు మాత్రం లాటరీకి ముందే సిఫారసు ఉత్తరాలు తెచ్చుకుని కృత్తికా నక్షత్రాల దగ్గర తీసుకున్నారు. అక్కడ విస్తీర్ణం తక్కువ. వాళ్ళు దాన్ని ఎందుకు కోరుకున్నారో కుళ్ళాయప్పకు అర్థం కాలేదు. తనది వాళ్ళ దానికి రెండింతలు ఉందని ఇంట్లో చెప్పాడు.

పట్టా వెనక ఒక షరతు ఉంది. మార్చి ముప్పై ఒకటిలోగా స్థలం తన స్వాధీనంలో ఉన్నట్టు లబ్ధిదారుడు ఫోటో ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టా రద్దవుతుంది, పేరు జాబితా చివరికి పోతుంది. ఆ రోజుకు జాబితాలో చివరి నంబరు తొమ్మిది వేల నలభై.

కుళ్ళాయప్ప మండల ఆఫీసుకు వెళ్ళాడు. ఆకాశ సర్వేయరు ప్రభుదాసు గోడకు అంటించిన సర్క్యులర్ చూపించాడు. ఫోటోలో నాలుగు హద్దు నక్షత్రాలూ కనబడాలి. పక్కవారి స్థలం కనబడకూడదు. కనబడితే ఆక్రమణ కింద నోటీసు వస్తుంది. అద్దాల టెలిస్కోపులు వాడకూడదు. వాటిలో తీస్తే పెద్ద నక్షత్రాలకు నాలుగు వైపులా ముళ్ళలా గీతలు వస్తాయి. మొదటి నెలలోనే అటువంటి గీతలను కంచె అనుకుని ఇద్దరు అన్నదమ్ములు స్టేషన్ దాకా వెళ్ళారు. అందుకని కటకాల టెలిస్కోపులకే అనుమతి.

"లబ్ధిదారుడు పేరు రాసిన పలక పట్టుకుని స్థలంలో నిలబడాలని ఉండాది సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

"అది పాత రూలు, నేల స్థలాలది. తీసేయమని మాకు పైనుంచి రాలేదు."

"మరెట్లా సార్?"

"ఫోటో తీసేటప్పుడు పలక పట్టుకుని గొట్టం ముందర రెండు సెకన్లు నిలబడు. చాలు."

కుళ్ళాయప్ప పట్టా, కెమెరా సంచిలో పెట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు. అక్కడ మహబూబ్ బాషాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. జూన్ నుంచి అతను ఫ్రేముల పక్కన టెలిస్కోపులు కూడా పెట్టాడు.

"ఎంత పెద్దది కావాలన్నా?" అన్నాడు బాషా.

"స్థలమెంతో అంతే."

బాషా పట్టా చూశాడు. కెమెరా తిప్పి చూశాడు. కాగితం మీద లెక్క వేసి మూడు గొట్టాలు బల్ల మీద పెట్టాడు.

"ఇది అరవై మిల్లీమీటర్లది. చవక. సంచిలో పడతాది. కానీ నీ కెమెరాకు తగిలిస్తే మూడున్నర డిగ్రీలు చూపిస్తాది. పైన అర డిగ్రీ ఎవరిది?"

"హెడ్మాస్టరుది."

"వద్దు. ఈ పెద్దది ఎనభైది. దీంట్లో నీ స్థలం రెండున్నర డిగ్రీల మీద కొంచెం వస్తాది, అంతే. హద్దులు బయట పడతాయి. నీ స్థలాన్ని నువ్వే వదులుకున్నట్టు. అందరూ పెద్ద గొట్టం పెద్ద గొట్టం అంటారన్నా, స్థలం చూసుకోరు."

మధ్య గొట్టం డెబ్బై రెండు మిల్లీమీటర్లది. అందులో సరిగ్గా మూడు డిగ్రీలు వస్తాయి. హద్దు నక్షత్రాలు నాలుగూ లోపలే ఉంటాయి. అదే కొలతలో ఇంకా తక్కువ ధరకు మరో గొట్టం అలమారాలో ఉంది. కుళ్ళాయప్ప చేయి అటు పోయింది.

"అది మామూలు గాజు," అన్నాడు బాషా. "నక్షత్రం చుట్టూ నీలం వలయం వస్తాది. ఆ నీలం హద్దు దాటుతాది. దీంతో పదకొండు మందికి నోటీసులొచ్చినాయి. రంగులు చీలనియ్యని గాజు ఉండాది, ఈడీ గాజంటారు, అది తీసుకో. రెండు కటకాలు చాలు. మూడు కటకాలది డాక్టర్లు కొంటాండారు, కొననీ."

తర్వాత బాషా అరచేతిలో పట్టే మరో కటకాన్ని బల్ల మీద పెట్టాడు. అది కెమెరాకూ గొట్టానికీ నడుమ ఉండాలి. లేకపోతే ఫోటో అంచుల్లో నక్షత్రాలు చేపల్లా సాగిపోతాయి. హద్దు నక్షత్రం సాగితే హద్దురాయి జరిపినట్టు రాస్తారు. చివరగా స్టాండు చూపించాడు. గొట్టానికి ఎంత అయిందో స్టాండుకు దాని రెండింతలు చెప్పాడు.

"స్టాండుకింతనా?"

"గొట్టం చూసేది మాత్రమే అన్నా. పని చేసేది ఇది. స్థలం గంటకు పదిహేను డిగ్రీలు పడమరకు పోతాది. దాని ఎంబడి ఇది తిరగాల."

"స్థలం కదుల్తాదా?"

"స్థలం కదల్దు. మనమే తిరుగుతాండాం. రికార్డులో మాత్రం స్థలమే కదుల్తాందని రాసుకున్నారు. రికార్డు ప్రకారమే పోదాం."

ఇటుకలు కొనడానికని పాడిన చిట్టీ డబ్బుతో కుళ్ళాయప్ప గొట్టం, కటకం, స్టాండు కొన్నాడు. ఇంటికి తెచ్చాక ఓబుళమ్మ స్టాండు ఉన్న పెట్టెను ఎత్తి చూసింది.

"ఇటుకల బరువు ఉండాదిలే," అని కింద పెట్టింది.

నవంబరులో తీసిన మొదటి ఫోటోలో స్థలం బూడిద రంగులో వచ్చింది. ప్రభుదాసు దాన్ని తీసుకోలేదు. పట్టాలో ఎర్ర నేల అని ఉంటే ఫోటోలో ఎర్రగానే రావాలని, బూడిద నేలకు వేరే ఫారం ఉందని చెప్పాడు. తప్పు గొట్టంలో లేదు. కెమెరాలు మనుషుల ముఖాలు తీయడానికి తయారవుతాయి. లోపల వెలుగును పట్టే సెన్సారు ముందున్న గాజు, మనుషులకు అక్కర్లేని ఎరుపును ఆపేస్తుంది. నెబ్యులా వెలుగు ఎక్కువగా ఆ ఎరుపే. కుళ్ళాయప్ప కెమెరా విప్పి ఆ గాజు తీసేశాడు.

స్టూడియోలో ఉన్నది ఆ కెమెరా ఒక్కటే. అప్పటి నుంచి కంబాలదిన్నెలో దరఖాస్తుల మీద అంటించే ముఖాలన్నీ ఎర్రగా వస్తున్నాయి. మొదటి వారం ఇద్దరు అడిగారు. ఇప్పుడు ఇదే రూలని కుళ్ళాయప్ప చెప్పాడు. వాళ్ళు ముఖాలు చూసుకుని తీసుకెళ్ళారు. ఫిబ్రవరిలో ఒక బ్యాంకు, ముఖం ఎర్రగా లేదన్న కారణంతో వేరే ఊళ్ళో దిగిన ఫోటోను వెనక్కి పంపింది.

జనవరిలో అమావాస్యకు అటూ ఇటూ ఆరు రోజులు, ఊరి బయట పాత క్వారీలో లబ్ధిదారులు గొట్టాలను వరసగా నిలబెట్టారు. కుళ్ళాయప్ప ఐదు నిమిషాల చొప్పున నూట ఇరవై ఫోటోలు తీసి, కంప్యూటర్లో కలిపి ఒకటి చేశాడు. మొత్తం పది గంటల వెలుగు. అందులో రెండు సెకన్లు అతను పలక పట్టుకుని గొట్టం ముందు నిలబడ్డాడు.

ఫోటోలో పువ్వు వచ్చింది. ఎరుపు వచ్చింది. నాలుగు మూలల్లో నాలుగు నక్షత్రాలు చుక్కల్లా ఉన్నాయి. ఓబుళమ్మ దాన్ని గోడకు ఆనించి చాలాసేపు చూసింది.

"ఆగ్నేయం ఏ పక్క?"

కుళ్ళాయప్ప పట్టాతో పోల్చి ఒక మూల చూపించాడు.

"అయితే వంటిల్లు ఈడ. మధ్యలో ఈ ఖాళీ ఏంది?"

"లోపల పుట్టిన నక్షత్రాలు మబ్బును ఊది పారేసినాయంట."

"మంచిదే. నడిమింట్లోకి గాలొస్తాది." ఆమె వేలితో ఫోటో మీద గోడలు గీసింది. ఒక రెక్క దగ్గర ఆగింది. "ఇది హేమకు. తలుపేసుకుని చదువుకుంటాది."

మార్చి ముప్పైన కుళ్ళాయప్ప ఫోటో తీసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. టోకెన్ అరవై నాలుగు. ఓబుళమ్మ కూడా వచ్చింది. ప్రభుదాసు స్కేలు పెట్టి ఫోటో కొలిచాడు. హద్దులు నాలుగు, టిక్కు పెట్టాడు. నేల ఎరుపు, టిక్కు. నీలం వలయాలు లేవు, గీతలు లేవు, టిక్కు.

"పలక?"

"ఉంది సార్. కనబడదంతే."

"ఉంటే చాలు." టిక్కు పెట్టాడు. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆపాడు. "వెలుగు బయల్దేరిన తేదీ రాయలేదే?"

"జనవరిలో తీసినా సార్."

"నువ్వు తీసిన తేదీ కాదప్పా. నీ స్థలం నుంచి వెలుగు ఈడికి రావాలంటే ఐదువేల రెండు వందల ఏండ్లు పడతాది. ఈ ఫోటోలో ఉండేది ఐదువేల రెండు వందల ఏండ్ల కిందటి స్థలం. అప్పటికి నీకు పట్టా ఇచ్చినామా?"

కుళ్ళాయప్ప ఆలోచించాడు. "లేదు సార్."

"పట్టా వచ్చినాక నీ స్వాధీనంలో ఉన్నట్టు చూపించాల. పోయిన జూన్ పద్నాలుగున నీకు పట్టా ఇచ్చినాం. ఆ రోజు ఆడ బయల్దేరిన వెలుగు ఈడికి చేరుతానే ఫోటో తీసుకుని రా."

వరసలో వెనకున్న శ్రీరాములయ్య తన ఫోటో కవరును చంకలో పెట్టుకుని వింటున్నాడు. 

"కృత్తికల్లో తీసుకున్నోళ్ళకో సార్?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

"వాళ్ళకు నాలుగు వందల నలభై ఏండ్లు. దగ్గర ప్లాట్లు గదా. నీదేం దూరం కాదులే. అర్జీల మీద అర్జీలు పెట్టినోళ్ళకు దేవయాని గెలాక్సీలో ఇచ్చినారు. వాళ్ళకు పాతిక లక్షల ఏండ్లు."

"అయితే మా పట్టా పోయినట్టేనా సార్?" అంది ఓబుళమ్మ.

"ఎందుకు పోతాదమ్మా? ఫోటో ఇంత బాగా తీసినాడు. పెండింగులో పెడతాం."

"నేల మీద స్థలాల జాబితాలో మా పేరు ఉంటాది గదా?"

"స్థలం ఉన్నోళ్ళకు మళ్ళీ స్థలం ఎట్లిస్తారమ్మా?"

ఓబుళమ్మ తల ఊపింది. అది న్యాయంగానే ఉందని ఆమెకు తోచింది.

ప్రభుదాసు కంప్యూటర్లో తేదీ చూసి నాలుక చప్పరించాడు. "ఐదువేల రెండు వందల ఏండ్ల తర్వాత జూన్ పద్నాలుగు రెండో శనివారం పడింది. ఆఫీసు ఉండదు. పదహారు, సోమవారం రాండి. పదిన్నరకు." తేదీ, వారం, సమయం స్లిప్పు మీద రాసి సీలు వేశాడు. తర్వాత నామినీ ఫారం ఇచ్చాడు. తరానికి ముప్పై ఏళ్ళ లెక్కన నూట డెబ్బై మూడు గడులు. ఫారం చాలక ఐదు అదనపు కాగితాలు కుట్టారు. మొదటి గడిలో కుళ్ళాయప్ప హేమలత పేరు రాశాడు.

"మిగిలినవి సార్?"

"గీత పెట్టు. పుట్టినాక ఒక్కొక్కరే ఆధార్ తెచ్చి పేరు చేర్పించుకోవచ్చు."

కుళ్ళాయప్ప నూట డెబ్బై రెండు గీతలు పెట్టాడు. పని అయ్యేసరికి భోజన విరామం దగ్గర పడింది. వెళ్తుంటే శ్రీరాములయ్య అతని చేయి పట్టుకుని ఆపాడు.

"ఏ రోజు ఇచ్చినారు?"

"సోమవారం సార్."

"నాదీ ఆ చుట్టుపక్కలే కదా. పొద్దున్నే వచ్చేద్దాం. పదిన్నరకంటే వరస పెరిగిపోతుంది."

ఇంటికి వచ్చి ఓబుళమ్మ స్లిప్పును ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డు వెనక దాచింది. ఫోటోను గోడకు తగిలించింది. హేమలత వచ్చి తన గది ఎక్కడని అడిగితే చూపించింది.

ఒకటో తేదీన ఇంటి యజమాని నరసోజి అద్దెకు వచ్చాడు. గోడ మీద ఫోటో చూశాడు.

"స్థలమొచ్చిందంట గదమ్మా. ఎప్పుడు ఖాళీ చేస్తాండారు?"

"సోమవారమన్నారన్నా," అని ఓబుళమ్మ స్లిప్పు తెచ్చి చూపించింది.

నరసోజి తేదీని జాగ్రత్తగా చదివి, చొక్కా జేబులోని డైరీలో రాసుకున్నాడు. ముందుగా చెప్పినందుకు మంచిదన్నాడు. సాయంత్రం గుమ్మానికి ఒక బోర్డు కట్టించాడు. ఆ తేదీ నుంచి ఇల్లు అద్దెకు ఇవ్వబడునని దాని మీద రాసి ఉంది. మూడో రోజు ఒకతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కొళాయి తిప్పి చూశారు, వంటింట్లో పొగ గొట్టం ఉందా అని అడిగారు. ఆ సోమవారానికి ఇల్లు తమకే ఇవ్వాలని నరసోజికి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు.