వారెంటు లేని బతుకూ ఒక బతుకేనా?

మనిషన్నాక అతని మీద ఒక్క వారెంటైనా ఉండాలి! లేనివాణ్ని చూస్తే నాకు జాలేస్తుంది. ఎవరికి కావాలి పాపం వాడు? సొంత అల్లుడు ఫోనెత్తడు. పక్కింటాయన ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. అదే వారెంటున్న మనిషైతే, ప్రభుత్వం వారు పేరుతో, తండ్రి పేరుతో, పుట్టుమచ్చలతో సహా గుర్తుపెట్టుకుంటారు. ఏ మూలనున్నా వెంటబెట్టుకు రమ్మని మనుషుల్ని పంపుతారు. ఇంత ఆప్యాయత ఈ రోజుల్లో ఎవరు చూపిస్తున్నారండీ?

తెలియనివారి కోసం చెబుతున్నాను. వాయిదా నాడు కోర్టు బంట్రోతు మీ పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికారా, సరే. పలకలేదా, పట్టుకు రమ్మని జడ్జిగారు అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. అదే వారెంటు. దానికోసం మీరేమీ ఖూనీలు చేయనక్కర్లేదు.

మా పేట పాలావిడనే తీసుకోండి. ఆవిడ ఆవును దొంగ తోలుకుపోయాడు. సాక్ష్యం చెప్పాల్సిన రోజున రెండో ఆవు ఈనుతోందని ఆవిడ ఆగిపోయింది. దొంగ మాత్రం ఒక్క వాయిదా తప్పలేదు, బుద్ధిమంతుడు! ఆవిడను జీపెక్కిస్తుంటే కోర్టు మెట్ల మీద నిలబడి "అయ్యో పాపం" అన్నాడట. ఆవిడను పట్టుకొచ్చిన కానిస్టేబులు మీదా ఒక వారెంటుంది. వారెంట్లున్నవాళ్ల కోసం ఊళ్లు తిరుగుతూ తన వాయిదాకు వెళ్లలేకపోయాడు. ఇప్పుడు డ్యూటీ ప్రకారం తనను తాను వెతుక్కుంటున్నాడు.

ఇక మా బావమరిది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పంపుల మెకానిక్కు అతనొక్కడే. చెవి ఆనించి మోటారుకు ఏం జబ్బో చెప్పేస్తాడు. ఉత్త మొహమాటస్తుడు. అతను చేసిన ఘోరమేమిటంటే, అతని మోపెడ్ వెనకదీపం వెలగలేదు. పట్టపగలేననుకోండి. అయినా నేరం నేరమే కదా!

వాయిదా నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కోర్టు తలుపులు తీయకముందే వెళ్లి వరండాలో కూర్చున్నాడు. బంట్రోతు చూడనే చూశాడు.

"నువ్వు పంపుల మెకానిక్కువి కదూ? దేవుడిలా దొరికావు. దొరగారి గదిలో నీళ్లు రావట్లేదు, రా!"

"నా పేరు పిలుస్తారేమోనండీ..."

"పిలిచేది నేనేనయ్యా! నువ్వెక్కడున్నావో నాకు తెలీదూ?"

ఆ మాట నమ్మి మావాడు చొక్కా విప్పి మేకుకు తగిలించి, కోర్టు వెనకున్న పంపు గోతిలోకి దిగాడు. కాసేపటికి మోటారు హోరుమని అందుకుంది. సరిగ్గా అప్పుడే బంట్రోతు ముందు వరండాలోకొచ్చి, వీధివైపు తిరిగి, అతని పేరు మూడుసార్లు పిలిచాడు. వీధివైపే ఎందుకంటారా? అది ఆనవాయితీ. ఆ కోర్టు పుట్టిన దగ్గర్నుంచీ బంట్రోతులందరూ వీధివైపు తిరిగే పిలిచారు. మనిషి వెనక గోతిలో ఉన్నాడు కదా అని వెనక్కి తిరిగి పిలిస్తే, న్యాయవ్యవస్థ ఏమైపోవాలండీ? వీధిలో కుక్క ఒకటి తలెత్తి చూసిందట. మావాడు పలకలేదు. జడ్జిగారు అప్పుడే వచ్చిన కుళాయి నీళ్లతో చేతులు కడుక్కుని వారెంటు మీద సంతకం పెట్టారు.

మావాడు పైకొచ్చేసరికి కోర్టు లేచిపోయింది. "కబురొస్తుందిలే, వెళ్లు" అన్నాడు బంట్రోతు. థాంక్స్ కూడా చెప్పాడు, అబద్ధమెందుకు!

ఆ కబురు రాలేదు గానీ వేరే కబురొచ్చింది. టౌను ఆసుపత్రిలో కూతురు ప్రసవించింది. ఆడపిల్ల! బరువు తక్కువ, కొన్నాళ్లు ఉంచుకుంటామన్నారు. మావాడు పరుగున బయల్దేరబోతుంటే, అతని చేత బావి మోటారు బాగుచేయించుకున్న హెడ్ కానిస్టేబులొకాయన ఫోన్ చేసి గుసగుసలాడాడు. "టౌనుకు రాకు. నీ మీద వారెంటున్నట్టుంది."

ఆసుపత్రి సరిగ్గా పోలీస్ స్టేషనుకు ఎదురుగా ఉంది. మనవరాలిని చూడాలంటే స్టేషను గేటు ముందునుంచే పోవాలి.

"ఉన్నట్టుంది అంటే ఏమిటి బావా? ఉందా, లేదా?" అన్నాడు నాతో, ఏడవలేక.

కనుక్కొస్తానని స్టేషనుకు వెళ్లాను. కౌంటర్లో రైటరుగారు సౌమ్యులే.

"మా బావమరిది మీద వారెంటుందేమో చూస్తారా?"

"మనిషి స్వయంగా రావాలండీ."

"వస్తే?"

"ఉంటే లోపలేస్తాం. లేకపోతే పంపించేస్తాం."

"ఆ ముక్క ముందే చెప్పకూడదా?"

"ముందే చెబితే రాడు కదండీ!"

ఆహా, ఎంత బుర్ర! వారెంటుందో లేదో తెలుసుకోవాలంటే పట్టుబడటమే మార్గం. కోర్టులో అడిగితే స్టేషన్లో అడగమన్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఒకావిడ తీయగా నా సమయం ఎంతో విలువైనదని చెప్పి, నా మధ్యాహ్నమంతా మింగేసింది. పైగా మా జడ్జిగారు నాలుగూళ్ల కోర్టులకూ ఒక్కరే. మా టౌనుకు గురువారం మాత్రమే వేంచేస్తారు. శుక్రవారం దొరికినవాడికి మళ్లీ గురువారం దాకా లాకప్పులో విశ్రాంతి! మావైపు అనుభవజ్ఞులంతా గురువారం పొద్దున్నే లొంగిపోతారు. మీరూ గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇంతలో పిల్ల కోలుకుంది. గురువారమే డిశ్చార్జి అన్నారు. ఆ సాయంత్రమే బస్సుకు తల్లీపిల్లా అల్లుడు పనిచేసే దూరపు ఊరికి వెళ్లిపోతారు. ఆలోగా చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. మా ఆవిడ కళ్లొత్తుకుంది. "నా తమ్ముడేమన్నా కొంపలు ముంచాడా? పిల్లను చూశాకే కోర్టుకు పొమ్మనండి!" మావాడు ఒప్పుకోలేదు. "ముందు ఈ మచ్చ పోనీ అక్కా. అప్పుడు దర్జాగా ఎత్తుకుంటాను."

గురువారం పొద్దున లొంగిపోయాడు. వారెంటుంది, సందేహం తీరింది. కానిస్టేబులు అతన్ని పక్కనే ఉన్న కోర్టుకు తీసుకొచ్చి వరండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. అంతలో బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు.

"మోటారు మళ్లీ మొరాయించిందయ్యా! రా, రా!"

మావాడు వెళ్లాడు. వెనక కానిస్టేబులూ వెళ్లాడు. గోతిలోకి దిగిన మావాడు ఈసారి మోటారు విప్పి, అందులో ఏదో చిన్న సామాను తీసి జేబులో వేసుకుని పైకొచ్చి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఆ మొహమాటస్తుడికి నోరొచ్చింది.

"నా పేరు పిలవండి. పలికాకే దిగుతాను."

"వరస తప్పి ఎలా పిలుస్తానయ్యా?"

"అయితే నీళ్లూ వరసలోనే వస్తాయండీ."

లోపల కుళాయి దగ్గర జడ్జిగారు సబ్బు చేతులతో నిలబడి ఉన్నారు. ఏళ్లతరబడి కదలని వరస క్షణంలో కదిలింది! పేరు సగంలో ఉండగానే మావాడు "ఉన్నానండీ!" అని కేక పెట్టాడు.

"ఆ రోజు ఎందుకు రాలేదు?"

"వచ్చానండీ. ఈ వెనకే గోతిలో ఉన్నాను, మీకు నీళ్లు రావట్లేదంటేనూ..."

జడ్జిగారు బంట్రోతు వైపు చూశారు. "నిజమేనా?"

"నిజమేనండీ. కానీ పిలిస్తే పలకలేదండీ."

ప్లీడర్లందరూ పగలబడి నవ్వారు. జడ్జిగారూ నవ్వి వారెంటు రద్దు చేశారు. మావాడు మోటారు బిగించి, నీళ్లు తెప్పించి, చొక్కా దులుపుకుని గేటు దాటి ఆసుపత్రి వైపు అడుగేశాడు. రెండో అడుగు పడేలోగా స్టేషను ముందున్న ఇంకో కానిస్టేబులు రెక్క పట్టుకున్నాడు.

"రద్దయిందండీ! ఇప్పుడే, మీ పక్కింట్లోనే!"

"మాకు కాయితం రాలేదు."

కోర్టుకూ స్టేషనుకూ మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ. అయితే కాయితాలు గోడలు దూకవు కదండీ, మర్యాదస్తులు! రద్దు ఆర్డరు పెద్దాఫీసుకు ప్రయాణం చేసి, ముద్రలు వేయించుకుని, తీరిగ్గా స్టేషనుకు రావాలి. వెంట వచ్చిన కానిస్టేబులు తన చెవులతో విన్నానని చెప్పాడు. విన్న మాటల మీద స్టేషను నడవదని ఎస్సైగారు చెప్పారు. నేను కోర్టుకు పరిగెత్తుకెళ్లి చూస్తే జడ్జిగారి కారు అప్పుడే మలుపు తిరుగుతోంది. కౌంటర్లో వివరాలు అడగడానికొచ్చిన పౌరులతో లాకప్పు నిండిపోయిందని, మావాణ్ని పెరట్లో గోడవారగా కూర్చోబెట్టారు.

సాయంత్రమైంది. కూతురు పిల్లను తువ్వాలులో చుట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. గేటు దగ్గర సెంట్రీ ఆపేశాడు.

"ముద్దాయిని చూడాలంటే పర్మిషన్ కావాలమ్మా. పిల్లకు వేరే పర్మిషన్."

ఆ తల్లి గిరుక్కున తిరిగి కోర్టు ఆవరణలోకి నడిచింది, వెనకాలే నేను. వెనక పంపు గోతిలో మోటారు హోరెత్తిస్తోంది.

"మామయ్యా, నాన్న ఎటువైపున్నాడు?"

చూపించాను. గోడవైపు తిరిగి, "నాన్నా!" అంది. ఒక్కసారే.

"వచ్చా, వచ్చా!" అంటూ అవతల రెండు చేతులు లేచాయి. మసి చేతులు. ఏమనుకున్నాయో వెనక్కి తగ్గి, ఇస్త్రీ చొక్కాకు గట్టిగా తుడుచుకుని మళ్లీ లేచాయి. పసిగుడ్డు గోడ దాటింది. సెంట్రీకి ఆ కాసేపు ఆకాశంలో ఏదో పని పడింది. మావాడి ఏడుపు నాకు ఇవతలికి వినిపించింది. కాయితం మాత్రం ఇంకా దాటలేదు.

బస్సు టైమైపోయింది. పిల్ల మళ్లీ గోడ దాటి ఇవతలికొచ్చింది. తల్లీపిల్లల్ని సాగనంపి వచ్చి, తాళాలు వేసుకుంటున్న బంట్రోతుకు చెప్పాను. "మనిషున్న వైపు తిరిగి పిలిస్తే, ఒక్క పిలుపుకే పలుకుతాడయ్యా."

"అలాంటి ఆనవాయితీ లేదండీ" అని, కుళాయి తిప్పి హాయిగా మొహం కడుక్కున్నాడు.