పుట్టిన తేదీ లేని పీపా

చెత్తను వర్గీకరించకపోవడమే అసలైన నాగరికత! కాదనేవాళ్ళు అమెరికాలోని టొలీడోలో మేం పనిచేసే లోహపు పూతల కార్ఖానాకి వచ్చి, వెనక గోడవారన వాడేసిన రసాయనాలు నింపి ఉంచిన నీలం పీపాని ఒక్కసారి దర్శించుకోవాలి.

చట్టం ఏమంటుంది? పీపా నిండగానే తేదీ వెయ్యి, లోపలున్నది ఆమ్లమో, విషమో, మండేదో తేల్చి రాయి, తొంభై రోజుల్లో బయటికి పంపించెయ్యి అంటుంది. ఎంత తొందర! మా మేనేజర్ గోర్డన్ ప్రూయిట్ గారు దీనికి తిరుగులేని విరుగుడు కనిపెట్టారు. తేదీ వేస్తేనే కదా రోజులు మొదలయ్యేది? వెయ్యకపోతే సరి! అలా మా పీపా మూడేళ్ళుగా ఈ రోజే పుట్టినట్టుంది. అడుగున కాస్త తుప్పు, అంతే.

"అసలిది చెత్తే కాదయ్యా, ఎప్పుడో పనికొస్తుంది" అంటారాయన. నా పాత చొక్కాల మీద మా ఆవిడకి ఇంత నమ్మకం ఉంటే ఎంత బాగుండేది!

తనిఖీకి మనుషులొస్తే? పీపా మీద గుడ్డ కప్పి డోనట్ల పెట్టె పెడతాం. పోయినసారి వచ్చినవాళ్ళు చెరో రెండు తిని, మంచి ఆతిథ్యమని మెచ్చుకుని వెళ్ళారు.

ఈ ప్రగతికి అడ్డుపడింది ఒక్కరే. ఇరవై రెండేళ్ళుగా ఆ నేల కడుగుతున్న లోర్నా సాబో.

"గోర్డన్, అడుగు చెమ్మగిల్లుతోంది. రోజూ తుడిచేది నేనేగా! అందులో ఏముందో ఆ చీటీ మీద రాసి చావొచ్చుగా?"

"రాసే ఉందిగా, లోర్నా! కళ్ళు కనబడట్లేదా?"

నిజమే, రాసుంది. 'ఇతరాలు' అని.

పోయిన మంగళవారం లోర్నా వంగి తుడుస్తుండగా పీపా అడుగు ఊడింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోన్ చేస్తే నేనే ఎత్తాను.

"త్వరగా చెప్పండి, ఆవిడ మీద పడిందేంటి? దాన్నిబట్టే వైద్యం."

చీటీ మీదున్నది చదివి వినిపించాను. "ఇతరాలంటే ఏంటండీ?" అని అడిగారు డాక్టరు. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా సరే, మాకు వర్గీకరణ చేతకాదంటే ఊరుకోను! మూడేళ్ళలో కానిది ఆ సాయంత్రం ఒక్క గంటలో అయింది. గోర్డన్ గారు కాగితం తీసి, మొట్టమొదటిసారి ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ వేశారు. ప్రమాదానికి కారణం అన్నచోట 'లోర్నా సాబో, అజాగ్రత్త మనిషి' అని తేల్చి రాశారు.

తొంభై రోజులు కూడా ఆగలేదు. శుక్రవారానికల్లా ఆవిడని బయటికి పంపించేశారు.